దొరసాని ఆసుపత్రి బొంత

తిమ్మయ్య నూనె మిల్లుకు బయల్దేరేదాకా ఓపిక పట్టాలి. ఆయన వీధి మలుపు తిరగ్గానే తలుపు గడియ పెట్టాలి. మళ్లీ సంగటికి ఎసరు పెట్టే వేళ దాకా కదలకుండా కూర్చుని ఆసుపత్రి కట్టాలి. ఆ సోమవారం పొద్దున గురమ్మ వేసుకున్న ఏర్పాటు ఇంతే. ఇందులో వీధి వీధంతా తలకిందులయ్యే విషయం ఏముందో ఎవరూ చెప్పలేరు. కానీ అయింది.

ఆసుపత్రి అంటే ఇటుకలూ సున్నంతో కట్టేది కాదు, గుడ్డతో కుట్టేది. కర్నూలులో ఏటి ఒడ్డున దొరసాని ఆసుపత్రి అని కాన్పుల ఆసుపత్రి ఒకటి ఉండేది. దొరల కాలంలో ఏ దొర భార్యో పట్టుబట్టి కట్టించిందట. ఒక మనిషి కౌగిలికి అందనంత లావు స్తంభాలు, వాటి మధ్య గుండ్రటి కమానులు, పచ్చరంగు రెక్కల కిటికీలు, పెద్ద తలుపు పైన సగం చక్రంలా రంగు అద్దాలు, ఎర్రపెంకుల కప్పు మీద గాలివాటు చూపించే ఇనపకోడి. ఆ కోడి తుప్పు పట్టి, గాలి ఎటు వీచినా నంద్యాల వైపే చూసేది. వానాకాలం వస్తే వరండా కారేది. ఎన్ని అర్జీలు పెట్టినా, ఎన్ని పెంకులు మార్చినా, అక్కడే, రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ నడుమ కారేది.

సరిగ్గా ఆ చోటే గురమ్మ కూతురు గిడ్డమ్మ పుట్టింది. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు నొప్పులతో వచ్చేసరికి లోపల మంచాలు ఖాళీ లేక వరండాలో పడుకోబెట్టారు. బయట జోరువాన. పుట్టిన బిడ్డ ఏడవలేదు. నర్సు ఆనందమ్మ ఆ పసిగుడ్డును తలకిందులు చేసి తట్టింది, నోట్లో నోరు పెట్టి ఊదింది, దేవుడికి ఏం చెప్పుకుందో ఏమో పెదవులు కదిలించింది. అదే నిమిషంలో పైనుంచి ఒక చల్లటి చుక్క జారి బిడ్డ నుదుటి మీద పడింది. బిడ్డ కేరుమంది. నర్సమ్మ ఊపిరికి ఏడ్చిందా, వాన చుక్కకు ఏడ్చిందా అనేది ఇరవై ఏళ్లయినా తేలలేదు. గురమ్మ నర్సమ్మ చలవంటుంది. నర్సమ్మ మాత్రం "నాదేముండాది తల్లీ, మన కారే వరండా పుణ్యం" అంటుంది.

ఆ నర్సమ్మ ఇప్పుడు పని చాలించుకుని కడపలో చెల్లెలి ఇంటికి పోతోంది. వచ్చే వారం గురువారం మధ్యాహ్నం బస్సు. ఆమెకు ఏదైనా ఇవ్వాలని గురమ్మ ఇరవై ఏళ్లుగా తపించిపోతూనే ఉంది. ఆమె తీసుకుంటే కదా. చీర పెడితే చినిగిన చీరతో వచ్చిన బాలింతకు కట్టబెట్టింది. నెయ్యి తెస్తే వార్డులో పంచింది. ఆసుపత్రి వాళ్లు వీడ్కోలు సభ పెడతామంటే "నేను బోయేదానికి కుర్చీలెందుకు, దండలెందుకు" అని కసిరింది. కొన్న వస్తువేదీ ఆమె చేతిలో నిలవదు. అందుకే గురమ్మ కొనని వస్తువు ఆలోచించింది. ఆమె పురుడు పోసిన ఇళ్లన్నింటి నుంచీ తలా ఒక పాత గుడ్డముక్క తెచ్చి, ఆ ఆసుపత్రినే బొంతగా కుట్టి, కడప బస్సు కదిలే క్షణంలో కిటికీలోంచి ఆమె ఒళ్లో పడేయాలి. కదిలే బస్సులోంచి తిరిగి ఇవ్వడం ఎంత నర్సమ్మ వల్లనైనా కాదు.

ఇది ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే నర్సమ్మ దాకా పోతుంది, పోతే ఆమె వద్దంటుంది. తిమ్మయ్యకు అసలే తెలియకూడదు. మంచి మనిషే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు.

పక్కింటి ఈరక్క దగ్గర మొదలుపెట్టింది. ఈరక్క కొడుకులు ముగ్గురూ దొరసాని ఆసుపత్రిలోనే పుట్టారు.

"అక్కా, మీ ఇంట్లో మెత్తని పాతగుడ్డ ఏదన్నా ఉంటే ఇస్తావా. పిల్లలు సల్లగా ఉండే ఇంటి గుడ్డ కావాల."

ఈరక్క చేటలో కందులు ఏరుతున్నదల్లా చెయ్యి ఆపింది. సీమలో ఈ మాటకు ఒకటే అర్థం. పుట్టబోయే బిడ్డకు కొత్తబట్ట వేయరు. పిల్లలు నిలిచిన ఇళ్ల నుంచి పాత చీరలు, పంచెలు అడిగి తెచ్చి, వాటిలోనే మొదట చుడతారు. ఇద్దరు బిడ్డలు పోయిన తల్లయితే మరీ అడుగుతుంది. ఈరక్క గురమ్మను నెత్తి నుంచి కాళ్ల దాకా చూసింది. మనవడిని ఎత్తుకునే వయసు.

"ఎవురికిమే?" అంది మెల్లగా.

"ఇప్పుడే అడగొద్దక్కా. పని అయినంక నువ్వే చూస్తావు. ఎవురికీ చెప్పబాకు."

"నేనెందుకు చెప్తానమ్మా," అని ఈరక్క లోపలికి పోయి పెద్దకొడుకు పంచె తెచ్చి, కళ్లకద్దుకుని మరీ ఇచ్చింది. ఆ కళ్లకద్దుకోవడం ఎందుకో గురమ్మకు అర్థం కాలేదు. నర్సమ్మ మీది భక్తి కాబోలనుకుని తానూ కళ్లకద్దుకుంది.

అలా ఒక్కో ఇల్లూ తిరిగి గుడ్డలు పోగుచేసింది. అడుగుకు గోనెపట్టా, దాని మీద కర్నూలుకు రాజధాని వచ్చిన కొత్తలో ఆఫీసుల కోసం వేసి పీకేసిన డేరాల గుడ్డ పరిచింది. గోడల రంగు అచ్చంగా కుదిరింది. దాని మీద కమానులు గీయడానికి బడి పక్క అంగడికి పోయి గుప్పెడు బలపాలు తెచ్చుకుంది. పొడిబలపం గుడ్డ మీద పడదు, కాబట్టి కొస నాలుక మీద తడిచేసుకుని గీయాలి. పెరటిగోడ మీదుగా చింతాకు కోసుకుంటున్న ఈరక్క, గురమ్మ ఒక్కతే కూర్చుని బలపం నోట్లో పెట్టుకోవడం చూసింది. కడుపుతో ఉన్న ఆడది బలపాలు తింటుందని ఈరక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ముగ్గురి కాన్పులకూ ఆమె తిన్నవే ఒక బడికి సరిపోతాయి.

ఇక కమానుల కింది కటకటాలకు చింతపిక్కలు కావలసి వచ్చాయి. కడిగి, తుడిచి, బెజ్జం వేసి వరసగా కుడితే మెరుగుపెట్టిన కర్రలాగే ఉంటాయి. గురమ్మ ఇంటింటికీ పోయి చింతపిక్కలడిగింది. పెంకుల కప్పుకు ఎర్రరంగు కోసం పాత కుండపెంకు నూరింది. పొడి ఎంత మెత్తగా ఉందో పంటికింద వేసి చూసి, మూతి తుడుచుకోవడం మరిచి నీళ్లకు వెళ్లింది. తలుపు మీది రంగు అద్దాలకు గాజుల సాయిబు దగ్గర విరిగిన గాజుముక్కలు ఏరుకుంటూ, మనసాగక మనవడి పేరు చెప్పుకుని రెండు చేతులకూ పచ్చగాజులు వేయించుకుంది. పాతగుడ్డలు, బలపాలు, చింతపిక్కలు, మూతికి మట్టి, చేతినిండా పచ్చగాజులు. ఒకరోజు కుట్టు మీదినుంచి గబుక్కున లేచేసరికి కళ్లు తిరిగి వాకిట్లో గోడ పట్టుకుని నిలబడింది కూడా. ఇక సందేహించేవాళ్లు ఎవరైనా వీధిలో మిగిలి ఉంటే, వాళ్లూ ఆ పూటతో మానుకున్నారు.

ఆ సాయంత్రం తిమ్మయ్య పెందలాడే ఇంటికొచ్చాడు. తలుపు చప్పుడుకు గురమ్మ బొంతను చుట్టి మంచం మీది చాపకింద తోసేసింది. ఆయన చేతిలో సంచినిండా చీనీకాయలు. కళ్లు ఎటో చూస్తున్నాయి.

"యాడివి?" అంది.

"అంగట్లో బాగుండాయిలే. నువ్వు తిను." కాసేపు కండువా సర్దుకున్నాడు. గురమ్మ కడవ తీయబోతే చేతిలోంచి లాక్కున్నాడు. "నువ్వు బరువులెత్తొద్దు."

పెళ్లయిన ఇన్నేళ్లలో తిమ్మయ్య కడవ ఎత్తడం గురమ్మ చూడలేదు. ఒలకబోసుకుంటూ వచ్చి దించి, ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు ఏం సిగ్గు లేదు గురమ్మా," అన్నాడు, సిగ్గుతో చచ్చిపోతూ. "మిల్లులో నవ్వినారు, నవ్వనీ. అప్పుడు ఇద్దర్ని తీసుకపాయె. ఇప్పుడు ఒకర్ని ఇస్తాండాడేమో దేవుడు. నాకు భయమల్లా నీ గురించే. నర్సమ్మ ఊరిడిసి పోకముందే ఒకసారి చూపించుకోరాదూ."

గురమ్మకు అప్పుడు తెలిసింది. ఈరక్క కళ్లకద్దుకున్న పంచె, నీళ్ల దగ్గర అమ్మలక్కలు ఆమెను ముందుకు తోయడం, గాజుల సాయిబు ఇంకో రెండు ఎక్కువ తొడగడం, అన్నీ ఒక్కసారిగా తెలిశాయి. భూమి చీలితే బాగుండుననిపించింది. అదికాదు అసలు సంగతి, ఇదుగో చూడు అని చాపకింద చెయ్యి పెట్టబోయింది. పెట్టలేదు. ఇప్పుడు చెబితే రేపు మిల్లుకు తెలుస్తుంది, ఎల్లుండి నర్సమ్మకు తెలుస్తుంది. ఇరవై ఏళ్ల మొక్కు మళ్లీ తీరకుండా పోతుంది. చెప్పకపోతే గురువారం దాకా వీధిలో తల ఎత్తుకోలేదు. కప్పు ఒకటీ మిగిలి ఉంది, ఇనపకోడి మిగిలి ఉంది. పరువా, నర్సమ్మా అని తూచి చూసుకుంది. పరువును శుక్రవారం మళ్లీ తెచ్చుకోవచ్చు.

"గురువారం దాకా నన్నేమీ అడగొద్దయ్యా," అంది.

తిమ్మయ్య అదేదో వ్రతమనుకుని తలూపి, చీనీకాయ ఒలిచి తొనలు చేతికిచ్చాడు. ఆ మనిషి ముఖంలో భయమూ సంతోషమూ కలిసి ఉండడం గురమ్మ చూసింది. ఈ మంచివాడికి శుక్రవారం ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి అనుకుంటూనే తొనలన్నీ తినేసింది.

మరునాటి నుంచి వీధి వీధంతా ఆమెను కనిపెట్టుకుని ఉండడం మొదలుపెట్టింది. ఒకరు నిమ్మకాయ ఊరగాయ తెచ్చారు, ఒకరు శొంఠి తెచ్చారు. పాతగుడ్డలు అడగకుండానే మూటలు మూటలుగా వచ్చిపడ్డాయి. ఎర్రచీర కొంగులు వచ్చాయి, కప్పు పూర్తయింది. నీలిచీర వచ్చింది, ఆకాశం కుదిరింది. కిరసనాయిలు డబ్బా రేకుతో కోడిని కత్తిరించి నంద్యాల వైపు తిప్పి కుట్టింది. చీపురుపుల్లలకు పచ్చదారం చుట్టి కిటికీ రెక్కలు పెట్టింది, నిజం ఆసుపత్రిలో విరిగిన రెక్క ఇక్కడా విరిచి పెట్టింది. వాళ్లు ఒక కారణంగా ఇస్తున్నారు, తానింకో కారణంగా తీసుకుంటోంది. తప్పు చేస్తున్నాననిపించింది. కానీ ఇంతమంది తన మంచి కోరుతున్నారా అని ఒక్కో మూట విప్పినప్పుడల్లా కళ్లు చెమర్చాయి కూడా.

వరండా ఒక్కటే ఆమెను సతాయించింది. నేల కోసం అందరి పంచెల్లోనూ మెత్తనివి ఏరి, అద్దమూ పుల్లా లేకుండా దూది పెట్టి కుట్టింది. కానీ ఆ కారే చోటు చూపించాలా వద్దా. ఒక చుక్క కుడదామని తెల్లపూస తీసింది. ముప్పై ఏళ్లు పనిచేసి పోయే మనిషికి కారే కప్పు కానుకిస్తారా ఎవరన్నా అని పూస మళ్లీ డబ్బాలో వేసేసింది.

గురువారం రానే వచ్చింది. ఆఖరి కుట్టు ముడివేసి బొంతను చాపకింద పెట్టిందో లేదో, తలుపు ధడాలున తెరుచుకుంది. నందికొట్కూరు నుంచి గిడ్డమ్మ, చంకలో ఐదునెలల కొడుకుతో.

"ఏందిమా ఇది," అని చతికిలబడింది. "మా అత్తకు సంతలో ఎవరో చెప్పినారంట. నీ అల్లుని ముందర నేను తల యాడ పెట్టుకోవాల. నా కొడుకు వాని మామను ఊయల ఊపాల్నా?"

"బస్సు పోయినంక చెప్తా, నోరు మూసుకో," అంది గురమ్మ.

"ఏ బస్సు?"

జవాబు చెప్పే వ్యవధి లేకపోయింది. వాకిట్లో జట్కా ఆగింది. ముందు ఈరక్క దిగింది. వెనకాల తెల్లచీర, నల్లగొడుగు, తోలుపెట్టె. నర్సమ్మ.

"నేను చెప్పనంటి కదమ్మా," అంది ఈరక్క. "కానీ ఈ వయసులో, అందునా ఇద్దరు పోయినదానివి. నా మనసాగలే. బస్టాండుకు పోయే నర్సమ్మను నేనే మళ్లించుకొచ్చినా."

వీధి మొత్తం వాకిట్లోకి వచ్చేసింది. మిల్లు నుంచి తిమ్మయ్య పరుగున వచ్చాడు. కదిలే బస్సు కావలసిన చోట కదలని మంచం ఉంది, ఆ మంచం మీదికే నర్సమ్మ నడుస్తోంది.

"నువ్వు బస్సెక్కు నర్సమ్మా, నేనే ఆడికొస్తా," అని వేడుకుంది.

"బస్టాండులో చూడమంటావా నిన్ను? బస్సులు శానా వస్తాయి. పండుకో," అని ఆమె మంచం మీద కూర్చుంది. కూర్చున్నదల్లా చివాలున లేచింది. "ఏం తల్లీ, కడుపుతో ఉండి చీపురు మీద పండుకుంటాండావా?"

చాప ఎత్తింది. బొంత బయటపడింది. నర్సమ్మ దాన్ని లాగి మంచం పొడుగునా పరిచింది.

స్తంభాలు లేచి నిలబడ్డాయి, కమానులు వంగాయి, తలుపు మీద గాజుముక్కలు మధ్యాహ్నపు వెలుగుకు ఎరుపూ పచ్చా మెరిశాయి. నర్సమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కో కిటికీ తడిమింది. విరిగిన రెక్క దగ్గర వేలు ఆగింది. ఇనపకోడి దగ్గర నవ్వింది.

"ఇది మావాని పంచె కదా," అంది ఈరక్క, రెండో స్తంభం పట్టుకుని. దాంతో అందరూ తమ తమ ముక్కల కోసం మంచం మీద పడ్డారు. కప్పులో ఒకామె పెళ్లిచీర, మెట్లలో ఒకాయన తలగుడ్డ, ఆకాశంలో ఎవరి పైటో. అందరివీ నర్సమ్మ చేతి బిడ్డల ఇళ్లే.

అప్పుడు గురమ్మ మొదటినుంచీ చెప్పింది. బలపం ఎందుకు నాకిందో, చింతపిక్కలు ఏమయ్యాయో, మూతికి మట్టి ఎట్లా అంటిందో. "నీకేమీ ఇయ్యలేకపోతిని నర్సమ్మా. కడుపున ఒక్క బిడ్డ నిలబడింది, నీ చేతిలో నిలబడింది. ఆ మాట నీకు చెప్పుకోడానికి నాకు వేరే దోవ తెలియలే," అని ఏడ్చేసింది.

తిమ్మయ్య గొంతు సవరించుకున్నాడు. "అంటే, లేదా?"

"లేదయ్యా."

"చీనీకాయలన్నీ తింటివి కదా," అన్నాడు దిగాలుగా. అందరూ నవ్వారు, కాసేపటికి ఆయనా నవ్వాడు.

నర్సమ్మ మాత్రం నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "శానా బాగుండాది తల్లీ. ఇంత బాగుండేది నాకొద్దు. మా చెల్లెలింట్లో నాకుండేది ఒక గోడ, దానికొక మేకు, దానికి నా గొడుగు. దీన్ని తీసుకపోయి ఆసుపత్రిలోనే తగిలించండి. పదిమంది చూస్తారు," అని లేచింది.

గురమ్మ పరువు పోయింది, పథకం పోయింది, బస్సూ పోయింది. కానుక మాత్రం మళ్లీ వెనక్కే వచ్చింది.

ఈ గొడవలో గిడ్డమ్మ చంకలోని కొడుకును ఎక్కడో ఒకచోట దించింది. గాజులూ పుల్లలూ లేని మెత్తటి చోటు బొంత మీద ఒక్కటే. వాడు వరండాలో వెల్లకిలా పడుకుని కాళ్లాడిస్తూ, అంతమంది చూస్తుండగా నిదానంగా పని కానిచ్చాడు.

గిడ్డమ్మ కెవ్వుమని వాడిని ఎత్తుకుంది. గురమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. ఆసుపత్రికిచ్చే వస్తువు కూడా కాకుండా పోయింది.

నర్సమ్మ వంగింది. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తడి మెల్లగా పాకుతోంది. రెండో స్తంభానికీ మూడో స్తంభానికీ నడుమ.

"గిడ్డమ్మా, నువ్వు పుట్టింది ఈడనే," అంది. "ఇందాకటి నుంచి చూస్తాన్నా, ఏదో తక్కువ ఉండాది, ఏదో తక్కువ ఉండాది అని. వరండా కారలే కదా. ఇప్పుడు అచ్చం మన ఆసుపత్రే. ఇయ్యి గురమ్మా, ఆరబెట్టి ఇయ్యి. ఇది నాది."

ఆ రాత్రి నర్సమ్మ గురమ్మ ఇంట్లోనే సంగటి తిని పడుకుంది. మరునాడు ఆమె వద్దన్న వీడ్కోలు సభ బస్టాండులో కుర్చీలు లేకుండా జరిగిపోయింది. ఆమె పురుడు పోసినవాళ్లు, వాళ్ల పిల్లలు సద్దిమూటలతో సహా బస్సు చుట్టూ చేరారు. ఎవరూ కిటికీలోంచి ఏమీ విసరనక్కర్లేకపోయింది. బొంత ముందునుంచే ఆమె ఒళ్లో ఉంది. తిమ్మయ్య ఇంటికొచ్చి ఎవరూ చెప్పకుండానే కడవ ఎత్తుకుని నీళ్లకు బయల్దేరాడు, గురమ్మ వద్దనలేదు.

ఈరక్క మాత్రం తొమ్మిదో నెల దాటేదాకా ఎవరి మాటా నమ్మలేదు.